శంభునాథ్ డే: పేగులో విషం గుట్టు విప్పిన కలకత్తా వైద్యుడు

కలరాతో మనిషి ఎందుకు చనిపోతాడు? 1884లో రాబర్ట్ కాక్ కలకత్తాలో కలరా రోగుల పేగుల్లో, చెరువు నీళ్లలో క్రిమిని గుర్తించాడు. అది మనిషిని ఎలా చంపుతుందో మాత్రం మరో 75 ఏళ్లు తేలలేదు. తేల్చినవాడు శంభునాథ్ డే.

1915 ఫిబ్రవరి 1న హుగ్లీ జిల్లా గరీబాటిలో పేద కుటుంబంలో పుట్టిన డే, స్కాలర్‌షిప్‌లతో చదివి కలకత్తా మెడికల్ కాలేజీలో డాక్టరయ్యాడు. లండన్‌లో పీహెచ్‌డీ చేసి, 1949లో తిరిగొచ్చాడు. గార్డెన్ రీచ్ లాంటి రేవుపేటలు, ఇరుకు బస్తీలున్న కలకత్తాలో అప్పట్లో కలరా ఏటా ప్రాణాలు తీసేది. నీల్‌రతన్ సర్కార్ మెడికల్ కాలేజీలో ఆయన పరిశోధన దాని మీదికే మళ్లింది.

కలరా క్రిమి విషం రక్తంలో చేరి ఒళ్లంతా పాడు చేస్తుందని చాలామంది భావించేవారు. డే మాత్రం పేగు దగ్గరే ఆగాడు. కుందేలు పేగులో కొంత భాగాన్ని రెండు వైపులా దారంతో కట్టి, లోపల క్రిమిని ఎక్కించాడు. మర్నాటికి ఆ భాగం నీటితో ఉబ్బిపోయింది. ఈ పద్ధతి 1953లో అచ్చయింది. 1959లో క్రిములను పూర్తిగా వడగట్టేసి, అవి పెరిగిన ద్రవాన్ని మాత్రమే ఎక్కించి చూశాడు. పేగు మళ్లీ ఉబ్బింది. అంటే నీటిని లాగేస్తున్నది క్రిమి వదిలే విషం. ‘నేచర్’ పత్రికలో వచ్చిన ఆ వ్యాసం కలరా పరిశోధన దారినే మార్చింది.

ఈ రెంటి నడుమ, 1956లో డే మరో పని చేశాడు. పేగులో మామూలుగా కాపురముండే ఈ-కోలైని పరీక్షించాడు. విరేచనాల రోగుల నుంచి తీసిన కొన్ని ఈ-కోలై రకాలూ కుందేలు పేగును అలాగే ఉబ్బించాయి. ఒకే పేరున్న క్రిమిలో సాధువులూ ఉంటాయి, హంతకులూ ఉంటాయి.

ఆ తేడా ఇవాళ మరింత ముఖ్యం. ఆరోగ్యవంతుల మలంలోని సూక్ష్మజీవులను రోగి పేగులోకి ఎక్కించే చికిత్స, యాంటీబయాటిక్స్ తర్వాత పదేపదే తిరగబెట్టే ఒక పేగు ఇన్‌ఫెక్షన్‌కు బాగా పనిచేస్తోంది. కానీ రోగనిరోధక శక్తి తగ్గిన ఇద్దరికి దీని ద్వారా మందులకు లొంగని ఈ-కోలై సోకి, ఒకరు మరణించారని 2019లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ వెల్లడించింది. ఇద్దరికీ దాత ఒక్కరే. ఆ మలాన్ని ఈ రకం క్రిమి కోసం పరీక్షించలేదు. మరుసటి ఏడాది, జబ్బు చేసే మరో రెండు ఈ-కోలై రకాలపైనా హెచ్చరించింది. దాతకు ఏ బాధా లేకపోవచ్చు. క్యాన్సర్ రోగికో, అవయవ మార్పిడి చేయించుకున్నవారికో అదే క్రిమి ప్రాణం మీదికి తేవచ్చు.

1973లో రిటైరైన డేకి బతికుండగా స్వదేశంలో పెద్ద గౌరవాలేవీ దక్కలేదు. నోబెల్ గ్రహీత జాషువా లెడర్‌బర్గ్ ఆయన్ను నోబెల్‌కు ప్రతిపాదించాడు. 1978లో నోబెల్ ఫౌండేషన్ కలరా సదస్సుకు పిలిచింది. బహుమతి మాత్రం రాలేదు. 1985 ఏప్రిల్ 15న కన్నుమూశాడు. పేగులోని క్రిమిని పేరు చూసి కాదు, అది చేసే పని చూసి అంచనా వేయాలన్నది ఆయన మిగిల్చిన పాఠం. దాతల పరీక్షల్లో ఇప్పుడు అమలు కావాల్సిందీ అదే.