బెన్ హోగన్

బెన్ హోగన్ (ఆగష్టు 13, 1912 - జూలై 25, 1997) అమెరికాకు చెందిన సుప్రసిద్ధ గోల్ఫ్ క్రీడాకారుడు. ఇతని పూర్తి పేరు విలియం బెన్ హోగన్. మాస్టర్స్, యు.ఎస్. ఓపెన్, బ్రిటిష్ ఓపెన్, పి.జి.ఎ. ఛాంపియన్‌షిప్ అను నాలుగు ప్రధాన పోటీలలో కలిపి తొమ్మిది సార్లు విజేతగా నిలిచాడు. ఈ నాలుగింటినీ గెలిచినవారు 2025 సంవత్సరాంతానికి ఆరుగురే. వారిలో హోగన్ ఒకడు. అయితే గోల్ఫ్ నేర్చుకొనేవారు ఇతనిని తలచుకొనేది బహుమతుల కంటె ముఖ్యంగా మరొక కారణానికి. నిలకడ లేని స్వింగుతో ఏళ్ళ తరబడి ఓడిపోయి, ఆ లోపానికి మూలమెక్కడ ఉన్నదో వెదకి, దానిని సరిదిద్దుకొన్న వ్యక్తి ఇతడు.

బాల్యం

టెక్సాస్ రాష్ట్రంలోని స్టీఫెన్‌విల్‌లో జన్మించిన హోగన్, సమీపంలోని డబ్లిన్ అనే చిన్న ఊరిలో పెరిగాడు. తండ్రి చెస్టర్ హోగన్ కమ్మరి. ముగ్గురు పిల్లలలో బెన్ చివరివాడు. 1922లో తండ్రి తుపాకితో కాల్చుకొని మరణించాడు. అప్పటికి బెన్ వయసు తొమ్మిదేళ్ళు. ఫోర్ట్‌వర్త్ నగరంలో కుటుంబం ఇబ్బందులలో పడగా, బెన్ రైల్వే స్టేషనులో వార్తాపత్రికలు అమ్మాడు. పదకొండవ యేట గ్లెన్ గార్డెన్ క్లబ్బులో క్యాడీగా, అనగా ఆటగాళ్ళ సంచులు మోసే కుర్రవాడిగా చేరాడు. తరువాతి కాలంలో గొప్ప ఆటగాడైన బైరన్ నెల్సన్ కూడా అదే సమయంలో అక్కడ క్యాడీ. 1927లో క్యాడీల క్రిస్మస్ పోటీలో నెల్సన్ ఒక్క దెబ్బ తేడాతో హోగన్‌ను ఓడించాడు.

హోగన్ హైస్కూలు చదువు పూర్తి చేయలేదు. 1930లో, 17 ఏళ్ళ వయసులో, వృత్తి ఆటగాడయ్యాడు. 1935లో వాలెరీ ఫాక్స్‌ను వివాహమాడాడు. ఆ దశాబ్దంలో చేతిలో డబ్బు అయిపోయి ఒకటికి రెండు సార్లు పోటీలు విడిచి ఇంటికి తిరిగి వచ్చాడు.

స్వింగులోని లోపం

గోల్ఫ్‌తో పరిచయం లేని పాఠకులకు కొంత వివరణ అవసరం. కుడిచేతి ఆటగాడు కొట్టిన బంతి గాలిలో ఎడమవైపుకు బాగా వంపు తిరిగి పోతే దానిని హుక్ అంటారు. కుడివైపుకు వంపు తిరిగితే స్లైస్ అంటారు. బంతిని తాకే క్షణంలో క్లబ్బు ముఖం ఎటు తిరిగి ఉన్నదన్నది వీటికి ప్రధాన కారణం. హోగన్‌కు ఉన్న జబ్బు హుక్. ఇతడు ఐదడుగుల తొమ్మిదంగుళాల లోపు ఎత్తు, సన్నని శరీరం కలవాడు. దూరం కొరకు క్లబ్బును చాలా వెనుకకు తీసుకొనిపోయి బలంగా విసిరేవాడు. మణికట్లు తిరిగి క్లబ్బు ముఖం మూసుకొనిపోయేది. ఒక రోజు చక్కగా ఆడి, మరునాడు కీలకమైన చోట బంతిని ఎడమవైపు చెట్లలోకి కొట్టేవాడు.

ఆ కాలంలో వృత్తి ఆటగాళ్ళు గంటల కొద్దీ సాధన చేయటం అరుదు. హోగన్ మాత్రం ఒక్కొక్క క్లబ్బుతో వరుసగా బంతులు కొడుతూ దినమంతా గడిపేవాడు. తోటి ఆటగాడు హెన్రీ పికార్డ్ ఎడమచేతి పట్టును మార్చుకోమని సూచించాడు. హోగన్ తన మొదటి పుస్తకం పవర్ గోల్ఫ్ (1948)ను ఇతనికే అంకితమిచ్చాడు. 1940లో పైన్‌హర్స్ట్‌లో హోగన్ మొదటి వ్యక్తిగత విజయం సాధించి, వెంటనే మరి రెండు పోటీలు గెలిచాడు. 1940, 1941, 1942లలో అత్యధిక బహుమతి ధనం పొందినవాడు ఇతడే. అయినా హుక్ పూర్తిగా వదలలేదు.

యుద్ధకాలంలో సైనిక వైమానిక దళంలో పనిచేసి తిరిగివచ్చిన తరువాత, 1946లో మాస్టర్స్, యు.ఎస్. ఓపెన్ పోటీలు రెండింటిలోనూ చివరి గ్రీన్‌పై మూడు పట్‌లు తీసుకొని అవకాశం పోగొట్టుకొన్నాడు. అదే సంవత్సరం పి.జి.ఎ. ఛాంపియన్‌షిప్ గెలిచాడు. స్వింగుకు చికిత్స దొరికినది కూడా ఆ సంవత్సరమేనని తరువాత వెల్లడించాడు.

రహస్యం

ఈ రహస్యాన్ని 1955లో లైఫ్ పత్రిక ప్రచురించింది. అందులోని సారం ఇది: ఎడమచేతి బొటనవ్రేలిని క్లబ్బు పిడిమీద కుడిప్రక్కకు కాక నిటారుగా ఉండునట్లు జరపటం, క్లబ్బు పైకి చేరినప్పుడు ఎడమ మణికట్టును కొద్దిగా వెనుకకు వంచటం. ఈ రెండింటి వలన క్లబ్బు ముఖం కొంత తెరచుకొని ఉంటుంది, ఎంత బలంగా కొట్టినా మూసుకొనిపోదు. అప్పటి నుండి ఇతని బంతి చివరలో స్వల్పంగా కుడివైపుకు వాలేది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఇది హుక్‌కు మందు. సామాన్య ఆటగాళ్ళలో ఎక్కువమందికి ఉండేది స్లైస్. వారు హోగన్ పట్టును అనుకరిస్తే రోగం ముదురుతుంది. ఈ విషయం గమనించక నష్టపోయినవారు చాలామంది ఉన్నారు.

1957లో హెర్బర్ట్ వారెన్ విండ్ సహకారంతో హోగన్ ఫైవ్ లెసన్స్ అనే గ్రంథం వెలువరించాడు. బొమ్మలు వేసినవాడు ఆంథొనీ రవియెల్లి. పట్టు, నిలబడే తీరు, స్వింగు యొక్క రెండు భాగాలు, పునశ్చరణ అని ఐదు పాఠాలు. బంతి నుండి భుజాల వరకు ఏటవాలుగా పెద్ద గాజుపలక ఉన్నట్లు ఊహించుకొని, క్లబ్బును వెనుకకు తీసుకొనిపోయేటప్పుడు అది పగలకుండా చూసుకొనమని చెప్పే బొమ్మ చాలా ప్రసిద్ధం.

ఐరన్ దెబ్బలు సరిగా రానివారికి ఈ పుస్తకంలో పనికివచ్చేది క్రిందికి వచ్చే స్వింగును గూర్చిన పాఠం. ఐరన్ మొదట బంతిని, తరువాత నేలను తాకాలి. బరువు కుడికాలి మీదనే నిలిచిపోతే క్లబ్బు బంతికి వెనుక మట్టిని త్రవ్వుతుంది, లేదా పైకి లేస్తూ బంతి నడినెత్తిన తగులుతుంది. అందుచేత చేతులతో కాక నడుమును ఎడమవైపు త్రిప్పటంతో క్రిందికి రావటం ఆరంభించాలనీ, తాకే క్షణంలో ఎడమ మణికట్టు ఎముక లక్ష్యం వైపు ముందుకు ఉండాలనీ హోగన్ బోధించాడు.

ప్రమాదం, పునరాగమనం

1948లో యు.ఎస్. ఓపెన్, పి.జి.ఎ. రెండూ గెలిచి హోగన్ శిఖరాన ఉన్నాడు. 1949 ఫిబ్రవరి 2న టెక్సాస్‌లోని వాన్‌హార్న్ సమీపంలో, పొగమంచులో, ఒక లారీని దాటబోయిన బస్సు ఇతని కారును ఎదురుగా ఢీకొన్నది. భార్యను కాపాడుటకు ఆమెకు అడ్డుగా ప్రక్కకు దూకాడు. స్టీరింగు కడ్డీ డ్రైవరు సీటులోకి దూసుకొనిపోయింది. అక్కడే కూర్చొని ఉంటే మరణించి ఉండేవాడు. కటి ఎముక, కాలర్ ఎముక, ఎడమ చీలమండ విరిగాయి. కాళ్ళలో రక్తం గడ్డకట్టగా, న్యూఆర్లియన్స్ నుండి వచ్చిన డాక్టర్ ఆల్టన్ ఆక్స్‌నర్ గుండెకు రక్తాన్ని చేర్చే పెద్ద సిరను కట్టివేసి ప్రాణం నిలిపాడు. దాని ఫలితంగా కాళ్ళలో వాపు, నొప్పి జీవితాంతం ఉండిపోయాయి.

పదహారు నెలల తరువాత, 1950 జూన్‌లో, మెరియన్‌లో యు.ఎస్. ఓపెన్ ఆడాడు. చివరి రోజు 36 హోల్స్ నడవాలి. కాళ్ళకు పట్టీలు చుట్టుకొని నడిచాడు. చివరి హోల్ వద్ద ఆధిక్యం కరిగిపోయి, సమం కావాలంటే నాలుగు దెబ్బలలో ముగించవలసి వచ్చింది. గ్రీన్ ఇంకా 200 గజాలకు పైగా దూరంలో ఉన్నది. హోగన్ ఒకటవ నంబరు ఐరన్ తీశాడు. క్లబ్బులలో దీనితో కొట్టటం అతి కష్టం, చిన్న తప్పును కూడా క్షమించదు. బంతి గ్రీన్‌పై ఆగింది. ఆ క్షణాన్ని వెనుకనుండి హై పెస్కిన్ తీసిన ఛాయాచిత్రం గోల్ఫ్ చరిత్రలో అత్యంత ప్రసిద్ధమైనది. రెండు పట్‌లతో సమం చేసి, మరునాటి ప్లేఆఫ్‌లో 69 దెబ్బలతో లాయిడ్ మాంగ్రం, జార్జ్ ఫాజియోలను ఓడించాడు.

1951లో మాస్టర్స్, యు.ఎస్. ఓపెన్ గెలిచాడు. 1953లో ఈ రెండింటితో పాటు, తన జీవితంలో ఒకే ఒక్కసారి ఆడిన బ్రిటిష్ ఓపెన్‌ను కూడా స్కాట్లాండులోని కార్నూస్టీలో గెలిచాడు. అక్కడి గట్టి నేలకు, అమెరికా బంతి కంటె చిన్నదైన బంతికి అలవాటు పడుటకు ముందుగానే వెళ్ళి సాధన చేశాడు. తిరిగి వచ్చినప్పుడు న్యూయార్కు నగరం కాగితపు ముక్కలు చల్లి ఊరేగింపుతో స్వాగతించింది.

తరువాతి జీవితం

1953లోనే ఫోర్ట్‌వర్త్‌లో క్లబ్బుల తయారీ సంస్థ స్థాపించాడు. 1955 యు.ఎస్. ఓపెన్ ప్లేఆఫ్‌లో ఇతనిని ఓడించిన జాక్ ఫ్లెక్ వాడినవి ఈ సంస్థ క్లబ్బులే కావటం విచిత్రం. ఆ సంస్థను 1960లో అమ్మివేశాడు. 1967 మాస్టర్స్‌లో, 54 ఏళ్ళ వయసులో, మూడవ రోజు చివరి తొమ్మిది హోల్స్‌ను 30 దెబ్బలలో ముగించాడు. 1997 జూలై 25న ఫోర్ట్‌వర్త్‌లో మరణించాడు. వాలెరీ 1999లో మరణించింది.