తమ్ముడు దాచిన ఉత్తరాలు

1889 ఏప్రిల్ మాసంలో జోహన్నా బాంగర్ అనే డచ్చి యువతి నవవధువుగా పారిస్ నగరంలోని భర్త ఇంట అడుగుపెట్టింది. అక్కడ ఒక చిన్న వ్రాతబల్ల సొరుగు తెరిచి చూడగా దాని నిండా ఉత్తరాలే! అవన్నీ బావగారు తన భర్తకు వ్రాసినవి. భర్త థియో వాన్ గో చిత్రాల వ్యాపార సంస్థలో ఉద్యోగి. బావగారు విన్సెంట్ వాన్ గో. ఆనాటికి అతడు దక్షిణ ఫ్రాన్సులోని ఆర్ల్ పట్టణపు ఆసుపత్రిలో ఉన్నాడు. అతని పేరు చిత్రకారులలో కొద్దిమందికి తప్ప ఎవరికీ తెలియదు.

ఆ సొరుగే లేకుంటే ఈనాడు మనకు విన్సెంట్ జీవితం ఇంత వివరంగా తెలిసి ఉండేది కాదు. అతడు తమ్మునికి వ్రాసినవి 650కి పైగా నిలిచి ఉన్నాయి. తమ్ముడు అతనికి వ్రాసినవి మాత్రం సుమారు 40. అన్న ఉత్తరాలను తమ్ముడు దాచుకున్నాడు. తమ్ముని ఉత్తరాలను అన్న చాలావరకు పోగొట్టుకున్నాడు. కనుక ఈ గ్రంథాన్ని చదవడమంటే పక్క గదిలో ఇద్దరు మాట్లాడుకుంటూ ఉంటే ఒక్కరి గొంతే వినడం వంటిది. మన ఉర్దూ విభాగం మిత్రులు అభిమానించే గాలిబ్ లేఖలు ఆయన జీవించి ఉండగానే, 1868లో అచ్చుకెక్కాయి. విన్సెంట్‌కు అటువంటి ఊహ లేదు. అతడు వ్రాసినది ఒక్క మనిషి కోసం.

విన్సెంట్ 1853 మార్చి 30న హాలెండు దేశంలోని జుండర్ట్ గ్రామంలో ఒక ప్రొటెస్టంట్ మతాచార్యుని ఇంట జన్మించాడు. థియో అతనికంటె నాలుగేళ్లు చిన్న. 1872లో పదిహేనేళ్ల థియో హేగ్ నగరంలో చిత్రాల దుకాణంలో పనిచేస్తున్న అన్నను చూడడానికి వచ్చి వెళ్లాడు. ఆ పిమ్మట సెప్టెంబరు 29న అన్న వ్రాసినదే మనకు దొరికిన మొదటి ఉత్తరం. అనతికాలంలోనే తమ్ముడు కూడ అదే సంస్థలో చేరాడు. తమ్ముడు అందులో పైకి వచ్చాడు. అన్నను 1876లో తొలగించారు.

తరువాత విన్సెంట్ ఉపాధ్యాయుడుగా, పుస్తకాల దుకాణంలో గుమాస్తాగా పనిచేశాడు. మత ప్రచారకుడై బెల్జియంలోని బోరినాజ్ బొగ్గుగనుల ప్రాంతానికి వెళ్లి, తన బట్టలు సైతం గనికార్మికులకు పంచిపెట్టి గుడిసెలో నివసించాడు. అంతటి అతిశయం తగదని భావించిన అధికారులు అతని నియామకాన్ని కొనసాగించలేదు. 1879లో థియో వచ్చి, ఏదైనా వృత్తి చూసుకోమని హితవు చెప్పాడు. అన్నకు అది గుచ్చుకున్నది. ఇంచుమించు పది నెలలపాటు ఉత్తరాలు ఆగిపోయాయి.

నా దృష్టిలో ఈ మౌనమే ఆ జీవితంలో కీలక ఘట్టం. దానిని భంగపరచినది థియో పంపిన 50 ఫ్రాంకులు. ఆ సొమ్ము అందుకున్న అన్న 1880 వేసవిలో ఫ్రెంచి భాషలో సుదీర్ఘమైన లేఖ వ్రాశాడు. వసంతంలో తోటి పక్షులు గూళ్లు కడుతూ ఉంటే పంజరంలో తల బాదుకునే పక్షితో తన్ను పోల్చుకున్నాడు. తాను సోమరి కాడనీ, ఏదో ఒకందుకు పనికివస్తాననీ, అది ఏమిటో తెలియడం లేదనీ మొరపెట్టుకున్నాడు. అప్పటికి వయస్సు 27. ఆ ఏడే చిత్రకారుడు కావాలని నిశ్చయించుకున్నాడు. మిగిలిన పదేళ్లూ తమ్ముడే పోషించాడు.

హాస్టలు నుండి డబ్బు కోసం ఇంటికి కార్డు ముక్క వ్రాసిన పాత తరం విద్యార్థులకు ఈ లేఖలలోని సంకోచం వెంటనే అర్థమవుతుంది. అన్న తమ్మునివద్ద చేయి చాచడం! రంగుల ఖర్చు, కాన్వాసు గజాలు, ఇంటి అద్దె అన్నీ లెక్క చెప్పుకోవలసిందే. హేగ్‌లో ఒక నిరాధార గర్భవతిని, ఆమె బిడ్డను చేరదీసిన సంగతి, తమ్ముడు సహాయం ఆపివేస్తాడేమోనన్న భయంతో, 1882లో నెలల తరబడి దాచాడు. తెలిసిన తరువాతనూ థియో సహాయం ఆపలేదు. 1884లో తన చిత్రాలు అమ్మడానికి తమ్ముడు ప్రయత్నించడం లేదని నిష్ఠూరమాడి, చివరకు ఒక ఒడంబడికకు వచ్చాడు: ఇకపై తాను వేసే బొమ్మలన్నీ థియో ఆస్తి, పంపే సొమ్ము దానికి మూల్యం. దానమన్న మాట తొలగించుకోవడానికి ఆ అభిమానవంతుడు వెదకుకున్న దారి అది.

థియో లోభి అనుకుంటే పొరపాటు. హేగ్ రోజులలోనే నెలకు 150 ఫ్రాంకులు పంపేవాడు. ఆర్ల్‌లో విన్సెంట్‌కు మిత్రుడైన తపాలా ఉద్యోగి రూలాఁ భార్యనూ ముగ్గురు బిడ్డలనూ పోషించినది 135 ఫ్రాంకుల జీతంతోనే. విన్సెంట్ సొమ్మును ఆరగించినవి రంగుల గొట్టాలు.

1886 నుండి రెండేళ్లు అన్నదమ్ములు పారిస్‌లో ఒకే ఇంట ఉన్నారు. కనుక ఉత్తరాలు దాదాపు లేవు. జీవితచరిత్రకారునికి వారి సఖ్యమే లోటు! 1888లో ఆర్ల్ చేరిన పిమ్మట లేఖల ప్రవాహం మళ్లీ మొదలు. తన పడకగది చిత్రంలో గోడల రంగు, తలుపుల రంగు, దుప్పటి రంగు వరుసగా చెప్పి, పక్కనే చిన్న బొమ్మ గీసి పంపాడు. ఆ డిసెంబరు 23 రాత్రి, మతి చలించి చెవి కోసుకున్నాడు. జోహన్నాతో వివాహం నిశ్చయమైన సంతోషంలో ఉన్న థియో రాత్రి రైలులో పరుగెత్తుకు వచ్చాడు.

1890 జనవరి 31న థియోకు కుమారుడు పుట్టాడు. పెదనాన్న పేరే పెట్టారు. సాఁరెమీ చికిత్సాలయంలో ఉన్న ఆ పెదనాన్న నీలాకాశంలో విరబూసిన బాదం కొమ్మలను చిత్రించి పసివానికి కానుకగా పంపాడు. ఆ సంవత్సరమే బ్రస్సెల్స్ ప్రదర్శనలో అతని ఎర్ర ద్రాక్షతోట చిత్రం 400 ఫ్రాంకులకు అమ్ముడైనది. జూలైలో పారిస్ వచ్చినప్పుడు పసివాని జబ్బు, ఉద్యోగం వదులుకోవాలన్న థియో ఆలోచన, డబ్బు చిక్కులు చూసి కలతతో ఓవేర్ గ్రామానికి తిరిగి వెళ్లాడు. ఆ నెల 27న తుపాకి గాయంతో బసకు చేరాడు. 29న తమ్ముడు పక్కన ఉండగా మరణించాడు. వయస్సు 37. అతని దుస్తులలో తమ్మునికి వ్రాసి పంపని ఉత్తరం ఒకటి దొరికింది.

ఆరు నెలలకే, 1891 జనవరి 25న, థియో కూడ కన్నుమూశాడు. 28 ఏళ్ల జోహన్నాకు మిగిలినవి ఒడిలో బిడ్డ, ఎవరికీ అక్కరలేని వందలాది చిత్రాలు, సొరుగునిండా ఉత్తరాలు. ఆమె హాలెండులోని బుస్సుమ్‌లో అతిథులకు వసతిగృహం నడిపి బిడ్డను పెంచింది. ఉత్తరాలను వెంటనే ప్రకటించలేదు. చిత్రాలకు తగిన గుర్తింపు రాకముందే మనిషి కష్టగాథపై ఆసక్తి రేపడం చనిపోయినవానికి అన్యాయమని ఆమె తలచింది. పరుల ఉత్తరాలు చదివే మనకు ఈ వివేకం ఎంత అరుదు! తేదీలు లేని లేఖలను ఓపికగా వరుసకు తెచ్చి 1914లో మూడు సంపుటాలుగా వెలువరించింది. ఆ ఏడే భర్త అస్థికలను ఉట్రెక్ట్ నుండి ఓవేర్‌కు తరలించి అన్న సమాధి పక్కనే ఉంచింది. పిమ్మట ఆ ఉత్తరాలను స్వయంగా ఆంగ్లంలోనికి అనువదించడానికి పూనుకున్నది. 1925లో ఆమె మరణించేనాటికి ఆ పని ఇంకా పూర్తి కాలేదు.