నీటి మీద పక్షి.. నింగిలోకి రాకెట్: రెండింటినీ చూసిన సతీష్ ధావన్ కథ

అనకాపల్లి: కొండకర్ల ఆవకి ఎప్పుడైనా వెళ్లారా? ఈసారి వెళ్తే ఒక విషయం గమనించండి. పెద్ద రెక్కలున్న నీటి పక్షులు కొన్నిసార్లు నీళ్లకు ఆనుకున్నట్టే ఎగురుతాయి. రెక్కలు చాపి ఉంచుతాయి, ఆడించవు. అయినా పడిపోవు.. అలా జారుతూ చాలా దూరం వెళ్లిపోతాయి.

ఇలాంటి దృశ్యాలకు పెట్టింది పేరు పులికాట్ సరస్సు. దాని ఒడ్డున పక్షులు ఎగిరే తీరును శ్రద్ధగా గమనించిన ఓ పెద్దాయన ఉన్నారు. పక్కనే ఉన్న శ్రీహరికోటలో రాకెట్లు ఎగరేసిన టీమ్‌కి బాస్ కూడా ఆయనే. పేరు సతీష్ ధావన్.

అసలు పక్షి ఎందుకు పడిపోదు?

ఎగిరేటప్పుడు రెక్క కింద గాలి ఒత్తిడి ఎక్కువ, పైన తక్కువ. దాంతో కిందున్న గాలి రెక్క చివర్ల నుంచి పైకి పొర్లి సుడులు తిరుగుతుంది. ఆ సుడుల వల్లే పక్షిని వెనక్కి లాగే బలం పుడుతుంది. నీళ్లకు బాగా దగ్గరగా వస్తే సుడి పూర్తిగా తిరగడానికి చోటుండదు. లాగుడు తగ్గుతుంది, శ్రమ మిగులుతుంది. దీన్నే గ్రౌండ్ ఎఫెక్ట్ అంటారు. ఎత్తు రెక్కల మొత్తం వెడల్పు కంటే తక్కువైతేనే దీని ప్రభావం బాగా తెలుస్తుంది. ల్యాండింగ్ ముందు విమానం రన్‌వే మీద కాసేపు తేలినట్టు అనిపించేదీ ఇందుకే. ఇదే సూత్రంతో సోవియట్ ఇంజినీర్ రోస్తిస్లావ్ అలెక్సేయెవ్ ఓ భారీ యంత్రం చేశారు. 1966లో అది కాస్పియన్ సముద్రం మీద, నీళ్లకు కొన్ని మీటర్ల ఎత్తులోనే దూసుకెళ్లింది.

గాలి రాపిడి కొలిచిన కుర్రాడు

ధావన్ 1920 సెప్టెంబర్ 25న శ్రీనగర్‌లో పుట్టారు. లాహోర్‌లో చదువుకున్నారు. లెక్కలు, ఫిజిక్స్‌లో బీఏ, ఇంగ్లిష్ సాహిత్యంలో ఎంఏ, ఆ తర్వాత మెకానికల్ ఇంజినీరింగ్.. ఇన్ని చదివారు! అమెరికాలోని కాల్‌టెక్‌లో 1951లో పీహెచ్‌డీ పూర్తి చేశారు. ఉపరితలం మీద నుంచి పారే గాలి దాన్ని ఎంతగా రాపాడిస్తుందో నేరుగా కొలవడమే ఆయన పరిశోధన. అదే ఏడాది బెంగళూరు ఐఐఎస్సీలో చేరి, దేశంలో తొలి సూపర్‌సోనిక్ విండ్ టన్నెల్ నిర్మించారు. 1962లో ఆ సంస్థకే డైరెక్టర్ అయ్యారు. 1972లో ఇస్రో చైర్మన్ పదవి వచ్చినా ఐఐఎస్సీని వదల్లేదు. ఏళ్ల తరబడి రెండు బాధ్యతలూ మోశారు.

ఓటమి నాది, గెలుపు మీది

1979 ఆగస్టు 10. శ్రీహరికోట నుంచి లేచిన ఎస్ఎల్‌వీ-3 కొన్ని నిమిషాల్లోనే బంగాళాఖాతంలో పడిపోయింది. ప్రాజెక్ట్ డైరెక్టర్ అబ్దుల్ కలాం. కానీ మీడియా ముందుకి ధావనే వచ్చారు. తప్పంతా తన మీద వేసుకుని, టీమ్ మీద నమ్మకం ఉందని చెప్పారు. ఏడాది తిరక్కుండానే, 1980 జులై 18న అదే రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఈసారి మాత్రం ఆయన పక్కకు తప్పుకుని, ప్రెస్‌మీట్‌కి కలాంని పంపారు. కలాం ఈ సంగతిని తర్వాత చాలా సభల్లో చెప్పుకున్నారు.

1984లో ఇస్రో నుంచి తప్పుకున్నాక కూడా ధావన్‌కి పక్షుల మీద ఇష్టం పోలేదు. అవి ఎగిరే తీరుపై ‘బర్డ్ ఫ్లైట్’ అనే పుస్తకమే రాశారు. ఒకవైపు టన్నుల బరువున్న రాకెట్లు, మరోవైపు రెక్క ఆడించకుండా జారే పక్షి. ఆయన దృష్టిలో రెండూ గాలి నేర్పే పాఠాలే.

2002 జనవరి 3న బెంగళూరులో కన్నుమూశారు. ఆ ఏడాదే శ్రీహరికోట కేంద్రానికి ఆయన పేరు పెట్టారు. ‘షార్’ నుంచి రాకెట్ లేచిన ప్రతిసారీ టీవీలో మనం వినేది ఆ పేరే. ఆ కేంద్రం పక్కనే పులికాట్‌లో పక్షులు ఇప్పటికీ నీళ్లను ఆనుకునే ఎగురుతున్నాయి.