రంగులలో నాదం – కాండిన్‌స్కీ

చిత్రం కంటికి, సంగీతం చెవికి అని మనం చిన్ననాటినుండి అనుకొంటాం. ఈ విభజనను అంగీకరించని చిత్రకారుడు వాసిలీ కాండిన్‌స్కీ. ఆయన 1866లో మాస్కోలో జన్మించి, ఒడెస్సాలో పెరిగాడు. బాల్యంలోనే పియానో, చెల్లో వాద్యాలు అభ్యసించాడు. పెద్దవాడై మాస్కో విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివి, అక్కడే ఉద్యోగంలో ప్రవేశించాడు.

ఆ రోజులలో బోల్షాయ్ రంగశాలలో వాగ్నర్ సంగీత నాటకం లోహెన్‌గ్రిన్ చూశాడు. వాద్యాలు మ్రోగుతూంటే తానెరిగిన రంగులన్నీ కన్నులముందు నిలిచాయనీ, ఉన్మత్తమైన రేఖలు గాలిలో రూపు కట్టాయనీ తరువాతి కాలంలో తన స్మృతులలో వ్రాసుకొన్నాడు. 1896లో డోర్పాట్ విశ్వవిద్యాలయం ఆయనను ఆచార్య పదవికి ఆహ్వానించింది. అప్పటికి ఆయనకు ముప్పైయేండ్లు. అటువంటి పదవి విలువ మావంటి అధ్యాపకులకు వేరుగా చెప్పనక్కరలేదు! ఆయన దానిని కాదని మ్యూనిక్ నగరం చేరి, చిన్నవారి సరసన కూర్చొని చిత్రలేఖనానికి ఓనమాలు దిద్దాడు.

1911 జనవరి 2న అదే నగరంలో షోన్‌బెర్గ్ సంగీత సభ జరిగింది. సంప్రదాయ స్వరమేళనాన్ని విడిచిన ఆ రచనలు ఆనాటి చెవులకు కటువైనవి. కాండిన్‌స్కీ మాత్రం తాను రంగులలో వెదకుతున్నది అక్కడ స్వరాలలో విన్నాడు. వెంటనే ‘ఇంప్రెషన్ 3’ అనే చిత్రం వేశాడు. అందులో నల్లని పియానో, వంగి ఆలకించే శ్రోతలు, అంతటా పొంగిపొరలే పసుపు. అంతవరకు ముఖపరిచయం లేని షోన్‌బెర్గ్‌కు ఉత్తరం వ్రాసి మైత్రి సంపాదించాడు.

బాహ్యప్రకృతి ముద్రను తెలిపే చిత్రాలను ఆయన ఇంప్రెషన్లు అన్నాడు. అంతరంగం నుండి హఠాత్తుగా, అప్రయత్నంగా వెలువడినవి ఇంప్రొవైజేషన్లు. 1909–1914 మధ్య వీటిని ముప్పైకి పైగా చిత్రించాడు. ఆ అంతరంగభావమే నెమ్మదిగా, పలుమారులు పరీక్షకు నిలిచి రూపొందితే అది కాంపొజిషన్.

ఆశుసృష్టి అనగానే శ్రమలేని పని అని మన విద్యార్థులు భ్రమపడటం మేమెరుగుదుము. అవధాని సభలో నిమిషానికొక పద్యం చెబుతాడు. దానివెనుక గడచిన సంవత్సరాలు సభకు కనిపించవు. 1913లో ఏడవ కాంపొజిషన్‌కు కాండిన్‌స్కీ ముప్పైకి మించి చిత్తుచిత్రాలు సిద్ధపరచుకొన్నాడు. ఆపైన నవంబరు 25 నుండి 28 వరకు, నాలుగే దినాలలో, రెండు మీటర్ల ఎత్తు, మూడు మీటర్ల వెడల్పు గల ఆ పటాన్ని పూర్తి చేశాడు. నేడది మాస్కోలోని ట్రెత్యకోవ్ చిత్రశాలలో ఉంది.

అనంతరం జర్మనీలోని బౌహౌస్ కళాశాలలో 1933 వరకు బోధించాడు. నాజీల పాలనలో ఆ సంస్థ మూతపడగా ఫ్రాన్స్ చేరాడు. 1937లో నాజీలు ఆయన చిత్రాలను భ్రష్టకళ అని పరిహాసార్థం ప్రదర్శించారు. 1944లో పారిస్ చెంత ఆయన కన్నుమూశాడు. జీవితం మొత్తంలో పది చిత్రాలకే కాంపొజిషన్ అని పేరుపెట్టాడు. వాటిలో మొదటి మూడు రెండవ ప్రపంచయుద్ధంలో నశించాయి. రంగులనే నాదంగా విన్న ఆయన శ్రమకు అక్కడ మిగిలినవి నలుపు తెలుపు ఛాయాచిత్రాలు, కొన్ని చిత్తుచిత్రాలు.