బిల్లీ మెరెడిత్: ఆటగాని శ్రమకు వెల

నేటి వృత్తి ఫుట్‌బాల్ క్రీడాకారులలో అగ్రశ్రేణివారు ఒక్క వారంలో పొందే ధనాన్ని ఒక ఉపాధ్యాయుడు అనేక సంవత్సరాలు పాఠం చెప్పినా ఆర్జింపలేడు. బంతిని తన్నేవానికి ఇంత ధనమెందుకని అడిగేవారు మన విద్యార్థులలోను, అధ్యాపకులలోను కలరు. ప్రశ్న న్యాయమైనదే. అయితే ఆటగానికి ఇంతకు మించి ఈయరాదని హద్దు విధించి చూచిన కాలమొకటి ఇంగ్లండులో ఉండినది. ఆ హద్దును ఎదిరించి నిలిచిన బిల్లీ మెరెడిత్ జీవితాన్ని పాఠకుల ముందుంచ దలచినాము.

విలియం హెన్రీ మెరెడిత్ 1874 జులై 30వ తేదీన వేల్స్ దేశంలోని చిర్క్ సమీపాన జన్మించినాడు. అది బొగ్గుగనుల సీమ. పన్నెండవ యేటనే అతడు గనిలో దిగి, బొగ్గు బండ్లను లాగే గుర్రాలను తోలే పనిలో కుదిరినాడు. ఆటలో పేరు గడించి 1894లో మాంచెస్టర్ సిటీ జట్టులో చేరిన తరువాత కూడ కొంతకాలం గనిపనిని విడువలేదు. మైదానం కుడి అంచు వెంబడి బంతిని కొనిపోవుటలో అతనికి సాటి అరుదు. పండ్ల మధ్య ఒక చిన్న పుల్లను కరచిపట్టి ఆడుట అతని అలవాటు. 1904లో లండన్‌లోని క్రిస్టల్ పాలెస్ మైదానంలో 60,000 మందికి పైగా చూచుచుండగా బోల్టన్ జట్టుపై ఏకైక గోలు చేసి, నాయకుడుగా ఎఫ్.ఏ. కప్పును తన జట్టుకు సాధించి పెట్టినాడు.

అతని కాలంలో ఆటగాని వేతనం ఎంత? 1901 నుండి వారానికి 4 పౌన్లకు మించి ఏ ఆటగానికీ చెల్లించరాదని ఇంగ్లండు ఫుట్‌బాల్ అసోసియేషన్ నిబంధన చేసినది. ఆనాటి గని కార్మికుని కూలితో పోల్చిన అది తక్కువ మొత్తం కాదు. ఈ మాట దాచనక్కరలేదు. కాని అదే 1905లో ఆల్ఫ్ కామన్ అను ఆటగాని కొరకు మిడిల్స్‌బరో జట్టు సండర్లండ్ జట్టుకు 1,000 పౌన్లు చెల్లించినది. జట్టు యాజమాన్యం ఆటగానిని వేయి పౌన్లకు అమ్ముకొనవచ్చును. ఆటగాడు మాత్రం తన శ్రమను నాలుగు పౌన్లకు మించి అమ్ముకొనరాదు. యాజమాన్యం అంగీకరింపనిదే వేరొక జట్టుకు పోవుటకు సైతం అతనికి స్వేచ్ఛ లేదు. ఆటను చూడ వచ్చిన వేలాది జనుల టిక్కెట్టు డబ్బు ఎవరి చేతిలో నిలుచుచున్నదో దీనివలన తెలియగలదు.

మెరెడిత్ నిష్కళంకుడని మేము చెప్పబోము. 1905లో ప్రత్యర్థి జట్టైన ఆస్టన్ విల్లా ఆటగానికి లంచం ఈయజూపినాడన్న నేరంపై అసోసియేషన్ అతనిని ఆటనుండి బహిష్కరించినది. ఆ కష్టకాలంలో తన జట్టు తనను ఆదుకొనకపోగా, అతడు జట్టు గుట్టును బయటపెట్టినాడు. నిబంధనకు మించిన ధనం ఆటగాండ్రకు రహస్యంగా ముట్టుచుండినదని లోకానికి తెలిసినది. 1906లో విచారణ జరిగి 17 మంది ఆటగాండ్రు శిక్షింపబడి, సిటీ జట్టుకు మరల ఆడరాదని నిషేధింపబడినారు. హద్దు విధించుట వలన ధనం తగ్గలేదు, చీకటిలోనికి పోయినది. చీకటిలో చేతులు మారే ధనం మనిషిని అబద్ధమునకు అలవాటు చేయుననుటకు మెరెడిత్ కథయే సాక్ష్యం.

తరువాత అతడు మాంచెస్టర్ యునైటెడ్ జట్టులో చేరి 1908, 1911 సంవత్సరాలలో లీగ్ విజయంలోను, 1909లో కప్పు విజయంలోను పాలుపంచుకొన్నాడు. కాని ఈ కాలంలో అతడు చేసిన పెద్ద పని మైదానం వెలుపలిది. 1907లో యునైటెడ్ ఆటగాడు థామస్ బ్లాక్‌స్టాక్ ఆట నడుమ కుప్పకూలి మరణించినాడు. అతని కుటుంబానికి ఆదరువు లభింపలేదు. ఆ సంవత్సరమే డిసెంబరు 2వ తేదీన మాంచెస్టర్‌లోని ఇంపీరియల్ హోటలులో ఆటగాండ్ర సంఘం ఏర్పడినది. ఆ సభకు అధ్యక్షత వహించినవాడు మెరెడిత్. వేతనంపై హద్దును తొలగించుట, ఆటగానికి జట్టు మారే స్వేచ్ఛ, గాయపడినవారికి పరిహారం సంఘం కోరికలు. 1909లో సంఘాన్ని విడువని ఆటగాండ్రను ఆడనీయమని అసోసియేషన్ శాసించినది. అనేకులు లొంగినారు. యునైటెడ్ ఆటగాండ్రు లొంగక, తమను తాము వెలివేయబడినవారి జట్టుగా పిలుచుకొని సాధన సాగించినారు. చివరకు సంఘానికి గుర్తింపు లభించినది గాని వేతనంపై హద్దు తొలగలేదు.

మెరెడిత్ వేల్స్ దేశం తరఫున 48 ఆటలు ఆడినాడు. 1921లో సిటీ జట్టుకు తిరిగివచ్చి, 1924లో ఏబదియేండ్లకు చేరువలో కప్పు సెమీఫైనలు ఆడి విరమించినాడు. 1958 ఏప్రిల్ 19వ తేదీన మాంచెస్టర్‌లో మరణించినాడు. అప్పటికి రెండు నెలల క్రిందట మ్యూనిక్ విమాన ప్రమాదంలో యునైటెడ్ ఆటగాండ్రు పలువురు అసువులు బాసిన దుఃఖంలో ఆ నగరం మునిగియున్నది. వృద్ధుని మరణం అంతగా ఎవరి చెవినీ పడలేదు. 2001 వరకు అతని సమాధిపై పేరు చెక్కిన రాయియైన లేదు. ఆ యేట ఆటగాండ్ర సంఘం, వేల్స్ ఫుట్‌బాల్ సంఘం, అతడు ఆడిన రెండు జట్లు కలసి రాతిని నిలిపినవి.

అతడు పోరాడిన హద్దు అప్పటికి 20 పౌన్లకు పెరిగియుండి, అతని మరణానంతరం 1961 జనవరిలో తొలగింది. సమ్మెకు సిద్ధపడి దానిని తొలగింపజేసినది అతడు నాటిన సంఘమే. అచిరకాలంలోనే ఫుల్హామ్ జట్టు నాయకుడు జానీ హేన్స్ వారానికి 100 పౌన్లు పొందినాడు. నేటి కోట్లకు దారి అక్కడనే తెరువబడినది.

మరి నేటి ఆటగాండ్రకు ముట్టునది అధికమా? ఉపాధ్యాయుని కూలితో, ఆస్పత్రి నర్సు కూలితో తూచిన అధికమే. కాని ఆ అసమానతకు మందు ఆటగాని కూలిని కత్తిరించుట కాదనియే మా అభిప్రాయం. అట్లు కత్తిరించిన ధనం ఉపాధ్యాయునికి గాని నర్సుకు గాని చేరలేదు. యజమానుల పెట్టెలలోనే ఉండిపోయినది. చెమట ఆరకముందే కూలి చెల్లవలెనని మన యిండ్లలో పెద్దలు చెప్పుచుందురు. ఆ కూలి బహిరంగంగా చెల్లవలెను. బేరమాడే హక్కు శ్రామికునికి ఉండవలెను. కాలు విరిగిన సామాన్య ఆటగాడు వీధిపాలు కారాదు. గొప్ప ఆటగాని కోట్లను లెక్కించే మన విద్యార్థులు, పేరులేని సమాధిలో నలుబదిమూడేండ్లు పడియున్న ఆ గని బాలుని సైతం ఆ లెక్కలో చేర్చుకొందురు గాక.