అజంతా గోడల ముందు రెండు చలికాలాలు

కిందటేడు దసరా సెలవుల్లో మావారికి హైదరాబాదులో ఆఫీసు పని పడింది. పిల్లలు చార్మినార్ చూస్తామని గోల. సరే, ఒక ఖర్చుతో రెండు పనులూ అయిపోతాయని అందరం పలాసలో రైలెక్కాం. ఆయన తన పని మీద తను వెళ్తే, నేను పిల్లలిద్దరినీ తీసుకుని పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియానికి వెళ్లాను. పిల్లలకి ఈజిప్టు మమ్మీ కావాలి. నా కాళ్లు మాత్రం అజంతా బొమ్మల దగ్గర ఆగిపోయాయి. అవి అసలు బొమ్మలు కావు, అసలువాటిని చూసి గీసిన నకళ్లు. కొండగుహలో కూచుని ఈ నకళ్లు తీసిందెవరో అని ఇంటికొచ్చాక పుస్తకాలు వెతుక్కుంటూ పోతే ఒక ఆడమనిషి పేరు తగిలింది. క్రిస్టియానా హెరింగ్‌హామ్.

ఆవిడా నాలాగే భర్తతో కలిసి వచ్చి అజంతా చూసింది. మనం చూసొచ్చి ఫొటోలు బీరువాలో పెట్టుకుంటాం. ఆవిడ అలా ఊరుకోలేకపోయింది.

క్రిస్టియానా 1852లో ఇంగ్లండులో పుట్టింది. తండ్రి థామస్ వైల్డ్ పవెల్ షేర్ల వ్యాపారంలో బాగా గడించినవాడు, కళలంటే ఇష్టం ఉన్నవాడు. 1880లో విల్మట్ హెరింగ్‌హామ్ అనే డాక్టరుతో పెళ్లయింది. ఇద్దరు మగపిల్లలు. పెద్దవాడు క్రిస్టఫర్ చిన్నతనంలోనే, 1893లో, జబ్బుచేసి పోయాడు. ఆ దుఃఖం గురించి నేనేమీ కల్పించి రాయదలచుకోలేదు. కన్నవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత ఆరేళ్లకి, 1899లో, ఆవిడ ఒక పుస్తకం అచ్చు వేయించింది. చెన్నినో చెన్నీని అనే ఇటలీ చిత్రకారుడు సుమారు 1400 ప్రాంతంలో రాసిన చిత్రకళ పాఠాలకి ఇంగ్లీషు అనువాదం అది. రంగు ఎలా నూరాలి, గోడకి సున్నం ఎలా పట్టించాలి, కోడిగుడ్డు పచ్చసొనలో రంగు ఎలా కలపాలి, అన్నీ వంటల పుస్తకంలా చెప్పుకొస్తాడాయన. పడుచువాళ్ల ముఖాలకి పట్నం కోళ్ల లేతసొన వాడమంటాడు. వయసు మళ్లినవాళ్లకీ, చామనచాయ వాళ్లకీ పల్లెటూరి కోళ్ల ఎర్రసొన మంచిదట! నాటుకోడి గుడ్డుకీ ఫారం గుడ్డుకీ ఉన్న తేడా మనకెవరూ నేర్పక్కర్లేదు కదూ. క్రిస్టియానా ఆ పాఠాన్ని తర్జుమా చేసి ఊరుకోలేదు. చెప్పినట్టల్లా గుడ్డుసొన కలిపి తనే బొమ్మలు వేసి, ఏది నిలుస్తుందో ఏది పెచ్చులూడుతుందో చూసుకుంది. 1901లో ఆ పద్ధతిలో బొమ్మలు వేసేవాళ్ల సంఘం ఏర్పడితే, దాన్ని మొదలుపెట్టినవాళ్లలో ఆవిడ ఒకతె.

దేశంలోని గొప్ప బొమ్మలు విదేశాలకి అమ్ముడైపోతున్నాయని 1903లో చందాల సంస్థ ఒకటి పెట్టినప్పుడు, మొదటి 200 పౌన్లూ ఇచ్చింది ఈవిడే. ఆడవాళ్లకి ఓటు కావాలని లండన్ వీధుల్లో ఊరేగింపులు జరిగితే వాటికి బ్యానర్లు కుట్టింది. కుట్టుపని తెలిసిన చెయ్యి ఇలా కూడా పనికొస్తుందన్నమాట.

ఇక అసలు సంగతికొస్తాను. 1906లో భార్యాభర్తలిద్దరూ ఇండియా చూడ్డానికి వచ్చారు. ఆయనకి ఆస్పత్రి నుంచి తీరిక, ఆవిడకి కొత్త దేశం. చూడవలసినవన్నీ చూస్తూ అజంతా చేరారు. అజంతా అప్పుడు నిజాంగారి హైదరాబాదు రాజ్యంలో ఉండేది. గుర్రపునాడాలా వంపు తిరిగిన కొండ, కింద వాఘోరా వాగు, కొండ కడుపులో ముప్ఫై దాకా గుహలు. క్రీస్తుకి పూర్వం రెండో శతాబ్దం నుంచి క్రీస్తు శకం ఐదో శతాబ్దం దాకా తొలిచినవి. గోడల నిండా బుద్ధుడి కథలు, జాతక కథలు. రాణులు, దాసీలు, ఏనుగులు, హంసలు.

ఆ గోడల తయారీ గురించి చదువుతుంటే నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. రాతి మీద ముందు మట్టి మెత్తారు. ఆ మట్టిలో ఊక, పేడ, గడ్డిపోచలూ కలిపారు. పైన పల్చగా సున్నం పూత, అది ఆరాక జిగురు కలిపిన రంగులు. ఉద్దానంలో తాటాకిళ్లకి మట్టిగోడ పెట్టి, పేడతో అలికి, పండక్కి జాజు పూసిన చేతులకి ఇదేం కొత్త విద్య కాదు. మా పైనున్న మందస, మెళియాపుట్టి కొండల్లో సవరల ఇళ్లకి వెళ్తే, ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యప్పిండితో మనుషులు, జంతువులు, సూర్యచంద్రులు కనిపిస్తారు. దేవతల కోసం, పోయిన పెద్దల కోసం వేసే బొమ్మలవి. గోడ పాడయితే మళ్లీ పూస్తారు, మళ్లీ వేస్తారు. వేసే చేతులున్నంత కాలం ఆ బొమ్మకి భయం లేదు. అజంతా సంగతి అలా కాదు. వేసిన చేతులు పోయి పదిహేను వందల ఏళ్లయింది. రాలిన పెచ్చు రాలినట్టే.

పైగా అజంతా నకళ్లకి ఏదో శాపం ఉందా అనిపిస్తుంది. 1819లో ఒక ఇంగ్లీషు అధికారి వేటకొచ్చి ఈ గుహల్ని చూశాక సంగతి బయటి లోకానికి తెలిసింది. 1844 నుంచి రాబర్ట్ గిల్ అనే సైనికాధికారి ఏళ్ల తరబడి అక్కడే ఉండి పెద్ద పెద్ద నకళ్లు తీశాడు. వాటిని లండన్‌లో క్రిస్టల్ ప్యాలెస్‌లో పెడితే 1866లో నిప్పంటుకుని దాదాపు అన్నీ బూడిదయ్యాయి. తర్వాత జాన్ గ్రిఫిత్స్ బొంబాయి కళాశాల విద్యార్థులతో 1872 నుంచి 1885 దాకా మళ్లీ మొదటి నుంచీ గీయించాడు. అవీ చాలామటుకు లండన్‌లోనే 1885లో జరిగిన ఇంకో అగ్నిప్రమాదంలో పోయాయి. బొమ్మలు బాగా కనబడాలని గోడల మీద పూసిన వార్నిష్ వల్ల అసలు రంగులూ దెబ్బతిన్నాయి. అక్కడ నకళ్లు కాలిపోయాయి, ఇక్కడ గోడలు రాలుతున్నాయి.

ఆ స్థితిలో క్రిస్టియానా చూసింది. ఇంటికెళ్లాక కూడా మరిచిపోలేదు. 1909 చివర మళ్లీ వచ్చింది, ఈసారి భర్త లేకుండా, పని కోసమే. అప్పటికి ఆవిడ వయసు 57 ఏళ్లు. మనూళ్లో ఆ వయసావిడ మోకాళ్ల నొప్పులని చెప్పి గుడిమెట్లు ఎక్కడం మానేస్తుంది.

గుహలకి కొద్ది మైళ్ల దూరంలో ఫర్దాపూర్ అనే పల్లె. అక్కడ డేరాలు వేశారు. రోజూ ఎండ ముదరకముందే గుహలకి ప్రయాణం. లోపల చీకటి, గబ్బిలాల కంపు, దుమ్ము. దీపం పెడితే వెలుగు ఒక మూలకే, మిగతా గోడంతా నల్లగా. ముందు గోడమీది గీతల్ని పల్చటి కాగితం మీదికి ఎత్తుకుని, తర్వాత గోడకెదురుగా కూచుని రంగులు సరిచూసుకుంటూ వేయాలి. పోయిన చోట పోయినట్టే వదిలెయ్యాలి. సొంత ఊహతో అతుకు వేస్తే అది నకలు కాదు. చిత్రకారులకి ఇదే కష్టమైన పనేమో అనుకుంటాను, చెయ్యి ఊరుకోదు కదా!

ఆవిడ ఒక్కతే చేసిన పని కాదిది. కలకత్తా నుంచి అవనీంద్రనాథ్ ఠాగూరు తన శిష్యుల్ని పంపాడు. నందలాల్ బోస్, అసిత్ కుమార్ హల్దార్ వచ్చారు, తర్వాత సమరేంద్రనాథ్ గుప్తా, మైసూరుకి చెందిన వెంకటప్ప. మన హైదరాబాదు రాజ్యం నుంచి సయ్యద్ అహ్మద్, మహమ్మద్ ఫజ్లుద్దీన్. ఇంగ్లండు నుంచి డొరతీ లార్చర్ అనే పడుచు చిత్రకారిణి కూడా ఈ పనిలో చెయ్యి వేసింది. ఆవిడ తర్వాతి రోజుల్లో అద్దకం బట్టలకి పేరు తెచ్చుకుంది. నందలాల్‌కి అప్పటికి ఇంకా ముప్ఫై నిండలేదు. శాంతినికేతన్ గోడల మీద బొమ్మలూ, మన రాజ్యాంగం మూలప్రతికి అలంకారాలూ చేసిన నందలాల్‌కి గోడచిత్రాల బడి ఆ గుహల్లోనే మొదలైంది. పంపమని పట్టుబట్టినవాళ్లలో సిస్టర్ నివేదిత ఉంది. ఆ చలికాలంలోనే జగదీశ్ చంద్రబోస్, ఆయన భార్య అబల, నివేదిత కలిసి అజంతా చూడ్డానికి వచ్చారు. ఒక సైంటిస్టు, ఆయన ఇల్లాలు, ఒక సన్యాసిని, కుర్ర చిత్రకారులు, అందరి మధ్యా రంగులు పులిమిన చేతులతో ఒక ఇంగ్లీషు పెద్దావిడ. తలుచుకుంటే ముచ్చటేస్తుంది.

ఎండాకాలం రాగానే ఇంగ్లండు వెళ్లింది. ఆ ఏడే, 1910లో, భారతీయ కళ కళే కాదని వెటకరించిన ఇంగ్లీషు పెద్దమనుషులకి జవాబుగా లండన్‌లో ఇండియా సొసైటీ పుట్టింది. హావెల్, రోథెన్‌స్టయిన్ లాంటి వాళ్లతో పాటు క్రిస్టియానా కూడా దాని స్థాపకుల్లో ఉంది. రెండో చలికాలం మళ్లీ అజంతా. ఈసారి ఓడలో చిత్రకారుడు రోథెన్‌స్టయిన్ వెంట వచ్చాడు. గుహలు చూసి, దేశం తిరిగి, కలకత్తా చేరి, అక్కడ రవీంద్రనాథ్ ఠాగూరుతో స్నేహం కలుపుకున్నాడు. ఇంగ్లీషు గీతాంజలిని 1912లో మొట్టమొదట అచ్చు వేసింది ఆ ఇండియా సొసైటీయే. మరుసటి ఏడు నోబెల్. ఎక్కడి ఫర్దాపూర్ డేరా, ఎక్కడి నోబెల్ బహుమతి!

కానీ ఆ రెండో చలికాలం క్రిస్టియానాకి కలిసిరాలేదు. మనసు చెదిరింది. తననెవరో వెంటాడుతున్నారని భయం పట్టుకుంది. 1911లో ఇంగ్లండు చేరాక భయాలు ముదిరి, మానసిక రోగుల ఆస్పత్రిలో చేర్చారు. చనిపోయేదాకా, అంటే 1929 దాకా, ఆవిడ అలాంటి చోట్లే ఉంది. పద్దెనిమిదేళ్లు.

గుహల చీకటే ఆవిడని పిచ్చిదాన్ని చేసిందని కథ అల్లడం తేలిక. ఫోర్‌స్టర్ 1924లో రాసిన ఇండియా నవలలో గుహలోకి వెళ్లి కలతపడే ముసలావిడ ఉంటుంది. ఆ పాత్రకి మూలం ఈవిడేనేమో అని ఊహించినవాళ్లు కూడా ఉన్నారు. నాకు మాత్రం అది ఒప్పుకోబుద్ధి కాదు. జబ్బు జబ్బే. మగవాడికి అదే జబ్బు వస్తే పని ఒత్తిడి అంటారు. ఆడమనిషికి వస్తే ఆ వయసులో అంత దూరం ఎవరు పొమ్మన్నారు అంటారు. అక్కడైనా ఇక్కడైనా ఒకటే మాట.

ఆవిడ ఆస్పత్రిలో ఉండగానే 1914లో భర్తకి సర్ బిరుదు వచ్చింది. దాంతో ఈవిడ లేడీ హెరింగ్‌హామ్ అయింది. ఆ ఏడే యుద్ధంలో రెండో కొడుకు జెఫ్రీ చనిపోయాడు. మరుసటి ఏడు, 1915లో, ఆక్స్‌ఫర్డ్ వాళ్ల అచ్చులో ఇండియా సొసైటీ తరఫున అజంతా బొమ్మల పుస్తకం వెలువడింది. అట్ట మీద లేడీ హెరింగ్‌హామ్, ఆమె సహాయకులూ తీసిన నకళ్లు అని ఉంటుంది. నాకు ఆ సహాయకులు అన్న మాట దగ్గర కొంచెం గుచ్చుకుంటుంది. నందలాల్ సహాయకుడా, సయ్యద్ అహ్మద్ సహాయకుడా? పేర్లు లోపల చెప్పారు నిజమే, అయినా అట్ట అట్టే కదా. అలాగని ఆవిడ మీద కోపం తెచ్చుకోనూ లేను. బిరుదు తనది కాదు, భర్తది. పుస్తకం తెచ్చి చేతిలో పెడితే ఇది నా పనే అని సంతోషించే స్థితిలో ఉందో లేదో!

భర్త విల్మట్ ఆవిడ బొమ్మల్నీ ఆవిడ పోగేసుకున్నవాటినీ బెడ్‌ఫర్డ్ కాలేజీ అనే లండన్ స్త్రీల కళాశాలకి ఇచ్చేశాడు. ఆ కాలేజీ 1985లో రాయల్ హాలోవేలో కలిసింది, బొమ్మలూ అక్కడికే చేరాయి. ఆడపిల్లలు చదువుకునే చోటికే ఇచ్చాడు, అందుకు ఆయన్ని మెచ్చుకోవాలి.

ఇక్కడ నిజాం ప్రభుత్వం 1914లో పురావస్తు శాఖ పెట్టింది. 1920 నుంచి రెండేళ్లపాటు ఇటలీ నుంచి నిపుణుల్ని రప్పించి, ఊడిపోతున్న పెచ్చుల్ని గోడకి అతికించే పని చేయించింది. గుడ్డుసొన పాఠాలు రాసిన చెన్నీని దేశంవాళ్లే వచ్చి మన ఊక మట్టిగోడని నిలబెట్టారన్నమాట. సయ్యద్ అహ్మద్ ఆ గుహల్ని కనిపెట్టుకుని ఉండే క్యూరేటర్ అయ్యాడు. మళ్లీ మళ్లీ కూచుని నకళ్లు తీశాడు. నేను హైదరాబాదు మ్యూజియంలో ఆగిపోయింది ఆ నకళ్ల ముందే.

ఆరోజు నేను ఒకే బొమ్మ ముందు ఎంతసేపు నిలబడ్డానో నాకు తెలీదు. మా చిన్నవాడు కొంగు పట్టుకుని లాగుతున్నాడు, మమ్మీ చూద్దామని. అమ్మాయి మాత్రం బొమ్మ దగ్గరికి వంగి, ఇక్కడ రంగు వేయకుండా ఎందుకు వదిలేశారని అడిగింది. గోడ మీద అక్కడ ఊడిపోయి ఉంటుందని చెప్పాను. ఊడిపోయినదాన్ని కూడా చూసి గీశారా అంది. అవునన్నాను. అది మళ్లీ ఒకసారి చూసి, తమ్ముడి చెయ్యి పట్టుకుని మమ్మీ వైపు నడిచింది.