తబలా మీది ‘సియాహీ’లో శాస్త్రాన్ని చూసిన సి.వి.రామన్

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో మన ఇళ్ళలో పెళ్ళి వచ్చిందంటే ఆడవాళ్ళు ఢోలక్ ముందు పెట్టుకుని పాడుకోవడం మామూలే. డఫ్ మనకు కొత్త కాదు. ఖవ్వాలీ జరిగే చోట తబలా వినిపిస్తుంది. డఫ్‌ను కొడితే చప్పుడు వస్తుందే గాని, అది ఏ స్వరమో చెప్పడం కష్టం. తబలా మాత్రం స్పష్టంగా స్వరం పలుకుతుంది. రెండూ చర్మపు వాద్యాలే కదా! మరి ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చింది? ఈ ప్రశ్నకు లెక్కతోనూ ప్రయోగంతోనూ జవాబు చెప్పినవారు సర్ చంద్రశేఖర వెంకట రామన్. సంగీతం విషయంలో ధర్మపండితుల మధ్య ఉన్న చర్చ వేరు. ధ్వని ఏ నియమానికి లోబడి పుడుతుందన్నదే ఇక్కడ మన అంశం.

రామన్ 1888 నవంబరు 7న తిరుచిరాపల్లి వద్ద జన్మించారు. తండ్రి చంద్రశేఖర అయ్యర్‌కు విశాఖపట్నం ఎ.వి.ఎన్. కళాశాలలో గణిత, భౌతిక శాస్త్రాల అధ్యాపకునిగా ఉద్యోగం దొరకడంతో రామన్ బాల్యం మన తెలుగు గడ్డ మీదే గడిచింది. తండ్రికి వయొలిన్ వాయించడం వచ్చు. ఇంట్లో పుస్తకాలూ ఉండేవి, సంగీతమూ ఉండేది. రామన్ పదకొండో ఏట మెట్రిక్యులేషన్ పూర్తి చేసి, మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో 1904లో బి.ఎ., 1907లో ఎం.ఎ. పట్టాలు పొందారు.

ఆ రోజుల్లో భారతీయునికి శాస్త్ర పరిశోధన బ్రతుకుతెరువు కాదు. ఆయన కూడా ఆర్థికశాఖ పరీక్ష రాసి, 1907లో కలకత్తాలో పెద్ద ప్రభుత్వోద్యోగంలో చేరారు. అయితే ఆ నగరంలోనే 1876లో మహేంద్రలాల్ సర్కార్ స్థాపించిన శాస్త్ర సంస్థ ఆయన కంట పడింది. అప్పటి నుంచి ఆఫీసుకు ముందు, ఆఫీసు తర్వాత ఆయన కాలమంతా ఆ ప్రయోగశాలలోనే గడిచింది. మొదట చేపట్టిన పెద్ద విషయాల్లో వాద్యాల ధ్వని ఒకటి.

ఈ విషయం అర్థం కావాలంటే మన పిల్లలతో ఒక చిన్న పని చేయించవచ్చు. తాడు ఒక కొసను కిటికీ ఊచకు కట్టి, రెండో కొసను చేత్తో పట్టుకుని ఊపాలి. ఒక వేగంలో తాడంతా ఒకే విల్లులా ఊగుతుంది. వేగం రెండింతలు చేస్తే రెండు విల్లులై, నడిమి చోటు కదలకుండా నిలుస్తుంది. మూడింతలకు మూడు విల్లులు. వీటినే స్థిర తరంగాలంటారు. కదలని చోట్లు అస్పందన స్థానాలు. తీగను మీటినప్పుడు ఈ కదలికలన్నీ ఒకేసారి కలిసి పుడతాయి. వాటి వేగాలు 1, 2, 3, 4 అనే వరుసలో ఉంటాయి గనుక చెవికి ఒకే తీయని స్వరంగా వినిపిస్తాయి. ఈ వరుసలోనివే అనుస్వరాలు. పదో శతాబ్దంలోనే అల్ ఫారాబీ ఊద్ తీగను ఏ చోట నొక్కితే ఏ స్వరం వస్తుందో లెక్కకట్టి గ్రంథం రాశారు.

చర్మం సంగతి వేరు. గుండ్రంగా బిగించిన మామూలు చర్మం మీద పుట్టే కదలికల వేగాలు 1, 1.59, 2.14, 2.30 ఇలా పొంతన లేకుండా ఉంటాయి. అందుకే డఫ్‌లో స్వరం నిలవదు. తబలా, మృదంగాల మీద పిండి, నల్లని పొడి కలిపిన ముద్దను పొరలు పొరలుగా రుద్ది ఆరబెడతారు. ఉర్దూలో దానినే సియాహీ అంటాం, అంటే నలుపు. నడుమ ఈ బరువు ఉండడం వల్ల కదలికల వేగాలు మారి, దాదాపు 1, 2, 3, 4, 5 వరుసలోకి వస్తాయి. రామన్, శివకాళీ కుమార్ ఈ విషయాన్ని 1920లో ప్రకటించారు. చర్మం మీద సన్నని ఇసుక చల్లి, అది కదలని గీతల వెంట చేరడాన్ని గమనించి, తొమ్మిది రకాల కదలికలు ఐదు అనుస్వరాలుగా కూడుకుంటాయని రామన్ 1934లో వివరంగా చూపారు.

ఇక్కడే మేము పాఠకుల దృష్టికి తేదలచుకున్న మాట ఒకటుంది. ఆ ముద్దను రుద్దినవారు కళాశాల మెట్లెక్కినవారు కారు. చెవితో విని, వేలితో తట్టి, తరాల తరబడి సరిచేసుకుంటూ వచ్చిన పనివారు. వారి చేతిపనిని రామన్ మోటుపని అనుకోలేదు. అందులోని శాస్త్రాన్ని ప్రపంచం ముందు పెట్టారు.

1917లో కలకత్తా విశ్వవిద్యాలయం పిలిచినప్పుడు, జీతం బాగా తగ్గుతుందని తెలిసీ ఆయన సర్కారీ కొలువు వదిలి ఆచార్యులయ్యారు. 1928లో కాంతి మీద చేసిన పరిశోధనకు 1930లో నోబెల్ బహుమతి లభించింది. 1933లో బెంగళూరు చేరి, 1948లో అక్కడే సొంత పరిశోధనా సంస్థ నెలకొల్పి, 1970 నవంబరు 21న కన్నుమూశారు. మన కుప్పం నుంచి రైలెక్కితే కొన్ని గంటల్లో చేరే ఊరది.

బిడ్డ చదువులో ముందుంటే ఏదో ఒక ఉద్యోగంలో పడితే చాలని మనం తొందరపడతాం. ఆ తొందర తప్పు కాదు, ఇల్లు గడవాలి కదా. రామన్ కూడా పదేళ్ళు ఉద్యోగం చేశారు. కానీ ఆ పదేళ్ళూ తన ప్రశ్నను చావనివ్వలేదు. డఫ్ ఇలా, తబలా అలా ఎందుకు మోగుతాయని ఇంట్లో పిల్లవాడు అడిగితే నోరు మూయించకుండా, ఒక తాడు వాడి చేతికిద్దాం.